పాత కారు ఇంజను మొరాయించినపుడు: విప్పుటకు ముందు వెదకవలసినవి

ఎద్దు మేత మానినచో రైతు వెంటనే దాని పొట్ట కోయించుటకు పూనుకొనడు. ముందు చెవులు తాకి చూచును; ముట్టె తడిగా నున్నదా, యెండినదా యని చూచును; పేడ యెట్లున్నదో, నెమరు వేయుచున్నదో లేదో కనిపెట్టును; నిన్న నేమి మేసినదో పాలేరు నడుగును. ఇవన్నియు తెలిసికొనిన పిమ్మటనే పశువైద్యుని కడకు పోవును. బోరుబావి నీరు పోయుట మానినపుడును అంతే. తెలివిగల రైతు మోటారును పైకి లాగుటకు మనుష్యులను పిలువక ముందే మూడు ఫేజుల కరెంటు వచ్చుచున్నదో లేదో, ఫ్యూజు పోయినదేమో, స్టార్టరు పట్టుచున్నదో లేదో చూచుకొనును. మోటారు లాగుట ఖర్చుతో గూడిన పని యని యతడెరుగును.

ఇంత వివేకము గల రైతే పాత కారు విషయమున మాత్రము తరచుగా మోసపోవుచున్నాడు. బండి నిలిచిపోవును, ఎవరో వచ్చి బానెట్టు ఎత్తి చూచి, “ఇంజను పోయినది, బోరు చేయింపవలెను” అందురు. ఆ ఒక్కమాటతో ఇంజను విప్పబడును. పత్తి యమ్మిన సొమ్ము షాపు పాలగును. తీరా చూడగా లోపము ఒక చిన్న తీగెలోనో, పెట్రోలు గొట్టములోనో యుండును. కొండను త్రవ్వి ఎలుకను పట్టుట యనగా ఇదియే. ఈ నష్టమును తప్పించుకొను మార్గమును సభ్యులకు తెలుపుటయే మా ఉద్దేశము.

తొర్రూరు ప్రాంతమున పాత బండ్లు

వరంగల్లు–ఖమ్మము రహదారిపై నున్న తొర్రూరు 2016లో జిల్లాల పునర్విభజన జరుగువరకు వరంగల్లు జిల్లాలో నుండి, పిమ్మట మహబూబాబాదు జిల్లాలో చేరినది. చుట్టుపట్ల పల్లెలవారికి సంత, మార్కెటు, బస్సు, ఆసుపత్రి యను నవసరములన్నిటికి ఈ రహదారియే ఆధారము. క్రొత్త కారు కొనలేని కుటుంబము పాతదానిని కొని, పెండ్లికి, పేరంటమునకు, విత్తనముల సంచులకు, అర్ధరాత్రి కాన్పునొప్పులు వచ్చినపుడు వరంగల్లు ఆసుపత్రికి ఉపయోగించుకొనుట మన పల్లెలలో సామాన్యము. కాబట్టి పాత కారు విలాసవస్తువని కొట్టివేయరాదు. అది సమయమునకు కదలకున్న పంటయే కాదు, ప్రాణమును చిక్కులో పడవచ్చును.

ఇట్టి బండ్లలో రెండు రకములు జనులకు బాగుగా తెలిసినవి. కలకత్తా సమీపమున ఉత్తరపారాలో తయారైన అంబాసిడరు మొదటిది. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు బండి నమూనాపై వెలసిన ఈ కారు తయారీ 2014లో నిలిచిపోయినది. దాని పాత ఇంజను 1489 ఘనసెంటీమీటర్లది, నాలుగు సైలెండర్లది. రెండవది 1983లో బయలుదేరి 2014లో నిలిచిన మారుతీ 800. దాని ఇంజను 796 ఘనసెంటీమీటర్లది, మూడు సైలెండర్లది. వీనితోపాటు పాత జీపులును కలవు. ఇప్పటి క్రొత్త కార్లలో లోపమును కంప్యూటరు చెప్పును. కార్బురేటరు గల ఈ పాత బండ్లకు అట్టి సాధనము లేదు. వాని లోపమును మనుష్యుడే కంటితో చూచి, చెవితో విని, ముక్కుతో పసిగట్టి, వ్రేలితో తాకి తెలిసికొనవలెను. ఇది కష్టమని తోచును గాని, క్రమము తెలిసినవానికి సులభమే.

ఇంజనుకు కావలసినవి నాలుగు

పెట్రోలు ఇంజను నడుచుటకు నాలుగు వస్తువులు వలయును: తగినంత గాలి, తగినంత పెట్రోలు, తగిన క్షణమున నిప్పురవ్వ, సైలెండరులో బిగువైన ఒత్తిడి. గాలియు పెట్రోలును కలిసి సైలెండరులోనికి పోవును. పిస్టను దానిని నొక్కును. స్పార్కు ప్లగ్గు రవ్వ వేయును. మంట పిస్టనును క్రిందికి త్రోయును. కాలిన పొగ బయటికి పోవును. ఇంజను ఏ రకముగా మొరాయించినను ఈ నాలుగింటిలో ఏదో యొకటి కొరవడినదనియే అర్థము. డీసెలు ఇంజనులో ప్లగ్గు రవ్వ లేదు. గాలిని మిక్కుటముగా నొక్కుటచే పుట్టిన వేడికే డీసెలు మండును. కనుక దానికి ఒత్తిడియు, గాలిబుడగ లేని డీసెలును ప్రాణము వంటివి.

ఈ నాలుగింటిలో మొదటి మూడును ఇంజనుకు వెలుపల నున్నవి. వానిని పరీక్షించుటకు ఇంజను విప్పనక్కరలేదు. నాలుగవదియగు ఒత్తిడియు ప్లగ్గు తీసిన రంధ్రమునుండియే కొలువవచ్చును. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనిన చాలును. సగము ఖర్చు తప్పును.

చేయి పెట్టక ముందు అడుగవలసిన ప్రశ్నలు

పానా పట్టుటకు ముందు ఈ క్రింది ప్రశ్నలకు జవాబు చెప్పుకొనవలెను. బండి ఒక్కసారిగా, దీపము ఆర్పినట్లు నిలిచినదా? లేక తడబడి, దగ్గి, మెల్లగా నిలిచినదా? చల్లగా నున్నపుడా, బాగుగా వేడెక్కిన తరువాతనా? వాన కురిసినదా? వాగు దాటినదా? క్రొత్తగా పెట్రోలు పోయించినారా? ఈ మధ్య ఎవరైనను రిపేరు చేసినారా?

ఒక్కసారిగా నిలిచిన బండికి సాధారణముగా కరెంటు లోపముండును: తీగె ఊడుట, కాయిలు చెడుట మొదలైనవి. తడబడి నిలిచినదానికి సాధారణముగా పెట్రోలు అందకుండును. వానకు, వాగుకు తరువాత నిలిచినచో డిస్ట్రిబ్యూటరు మూత లోపలను, ప్లగ్గు తీగెలపైనను తడి చేరియుండును. పొడిగుడ్డతో తుడిచినంతనే బండి కదలవచ్చును. రిపేరు జరిగిన వెంటనే నిలిచినచో ఆ రిపేరు చేసిన చోటనే మొదట వెదకవలెను. ఈ ప్రశ్నలకు పైసా ఖర్చు లేదు.

సెల్ఫు తిరుగనపుడు

తాళము త్రిప్పినను ఇంజను తిరుగకున్న ముందు హెడ్‌లైట్లు వేసి తాళము త్రిప్పి చూడవలెను. లైట్లు ఒక్కసారిగా మసకబారినచో బ్యాటరీ శక్తి తగ్గినదిగాని, బ్యాటరీ కొనల వద్ద పట్టు సరిగా లేదుగాని అనుకొనవలెను. లైట్లు కాంతి తగ్గక వెలుగుచు, ఏ చప్పుడును లేకున్నచో సెల్ఫునకు కరెంటు పోవు త్రోవలో లోపమున్నది.

బ్యాటరీ కొనలపై తెల్లని బూజువంటి ఉప్పు పేరుకొనియుండుట పాత బండ్లలో సర్వసాధారణము. వేడినీటితో కడిగి, గీకి, బిగించి, కొంచెము గ్రీజు పూసినచో చాలమారులు రోగము కుదురును. వోల్టుమీటరు ఉన్నచో బ్యాటరీని కొలువవలెను. నిండుగా చార్జి యైన 12 వోల్టుల బ్యాటరీ, బండి నిలిచియున్నపుడు సుమారు 12.6 వోల్టులు చూపును. 12 కంటె తగ్గినచో అది దాదాపు ఖాళీయైనదే. సెల్ఫు తిరుగుచున్నపుడు 9.5 కంటె దిగువకు పడిపోరాదు. ఇంజను నడుచుచున్నపుడు సుమారు 14 వోల్టులు చూపవలెను. చూపనిచో డైనమోగాని, దాని బెల్టుగాని పనిచేయుట లేదు. అట్టి బండికి క్రొత్త బ్యాటరీ వేసినను రెండురోజులలో మరల చచ్చును.

బ్యాటరీ మంచిదై, సెల్ఫు మంచిదై, గేరు న్యూట్రలులో నుండగా ఇంజను ఏమాత్రము కదలకున్నచో అప్పుడు మాత్రమే అది లోపల పట్టుకొనిపోయినదేమో యని సందేహింపవలెను.

సెల్ఫు తిరిగియు ఇంజను రగులనపుడు

ఇక్కడ రెండే ప్రశ్నలు: రవ్వ పడుచున్నదా? పెట్రోలు వచ్చుచున్నదా?

రవ్వ చూచుటకు ఒక ప్లగ్గు తీసి, దాని తీగెను మరల తగిలించి, ప్లగ్గు లోహభాగము ఇంజను ఇనుమునకు ఆనునట్లు పెట్టి, మరియొకనిచే సెల్ఫు కొట్టింపవలెను. ప్లగ్గును వట్టిచేతితో పట్టరాదు. రబ్బరు పిడి గల పటకారుతో పట్టవలెను. ప్లగ్గు తీసిన రంధ్రమునుండి పెట్రోలు ఆవిరి వెలువడును గనుక ఆ రంధ్రమునకు దూరముగా పెట్టవలెను. నీలిరంగు రవ్వ గట్టిగా, చప్పుడుతో పడినచో మంచిది. పసుపుపచ్చగా, బలహీనముగా పడినను, అసలే పడకున్నను వరుసగా ప్లగ్గు, తీగె, డిస్ట్రిబ్యూటరు మూత, పాయింట్లు, కండెన్సరు, కాయిలు చూడవలెను. పాత అంబాసిడరులో పాయింట్ల మధ్య ఎడము సుమారు 0.4 మిల్లీమీటరును, ప్లగ్గు కొనల మధ్య ఎడము సుమారు 0.6 మిల్లీమీటరును ఉండవలెను. పాయింట్లు కాలి నల్లబడినచో సన్నని గీతకాగితముతో రుద్దినంతనే ఆ రాత్రికి ఇల్లు చేరవచ్చును.

తీసిన ప్లగ్గు ముఖము ఇంజను లోపలి సంగతిని అద్దమువలె చూపును. లేత గోధుమరంగులో నున్నచో ఆరోగ్యము. మసివలె ఎండి నల్లగా నున్నచో పెట్రోలు ఎక్కువ పోవుచున్నది, లేదా గాలి ఫిల్టరు మూసికొనిపోయినది. జిడ్డుగా, నూనె తడితో నున్నచో ఇంజను ఆయిలు సైలెండరులోనికి ఎక్కుచున్నది. పెట్రోలుతో తడిసియున్నచో రవ్వ పడుట లేదు.

రవ్వ మంచిదైనచో పెట్రోలు వైపు పోవలెను. మీటరు ముల్లు నమ్మరాదు. పాత బండ్లలో అది తరచుగా అబద్ధము చెప్పును. కార్బురేటరుకు వచ్చు గొట్టమును విప్పి, దాని కొనను ఒక సీసాలో పెట్టి సెల్ఫు కొట్టినచో పెట్రోలు ధారధారగా రావలెను. రాకున్న ఫిల్టరు, పంపు, ట్యాంకు గొట్టము వరుసగా చూడవలెను. ఈ పరీక్ష చేయునపుడు బీడి, అగ్గిపుల్ల, దీపము దరి చేరరాదు. ఇంజను వేడిగా నున్నపుడు దీనిని చేయరాదు.

ఎండకాలపు చిక్కు: ఒక ఉదాహరణము

మే నెలలో మధ్యాహ్నవేళ ఒక పాత పెట్రోలు కారు తొర్రూరు నుండి వరంగల్లునకు బయలుదేరినదనుకొందము. రాయపర్తి దాటి, వర్ధన్నపేట చేరులోగా నిలిచిపోయినది. అరగంట సేపు చెట్టునీడను ఉంచిన పిమ్మట మరల కదలినది. మరునాడును ఇట్లే జరిగినది. “ఇంజను వేడికి పట్టుచున్నది, రింగులు పోయినవి” అని ఒకరు చెప్పినారు. నమ్మవలెనా?

నమ్మనక్కరలేదు. వేడెక్కినపుడు నిలిచి, చల్లారినపుడు నడుచు లక్షణమునకు రెండు సామాన్యకారణములు కలవు. ఒకటి: కాయిలుగాని కండెన్సరుగాని వేడికి పనిచేయుట మాని, చల్లారిన తరువాత మరల పనిచేయుట. రెండు: వేడి గొట్టములో పెట్రోలు ఆవిరియై, పంపునకు లాగుటకు ద్రవము లేకపోవుట. ఈ రెంటిని వేరుపరచుటకు ఒకటే ఉపాయము: బండి నిలిచిన ఆ క్షణముననే, చల్లారక ముందే, రవ్వను చూడవలెను. రవ్వ లేకున్న కాయిలు, కండెన్సరు దోషము. రవ్వ బలముగా నున్నచో పెట్రోలు ఆవిరి దోషము. పెట్రోలు పంపుపైనను, గొట్టముపైనను తడిగుడ్డ కప్పి కొంతసేపు ఆగినంతనే బండి లేచినచో ఆ నిర్ణయము రూఢియగును. అట్టి గొట్టమును పొగగొట్టమునకు దూరముగా మార్చి కట్టినచో చిక్కు తీరును.

చల్లారిన తరువాత బండిని షాపునకు తీసికొనిపోయినచో అక్కడ అంతయు బాగుగానే కనబడును. అప్పుడు లోపమును ఊహింపవలసివచ్చును. ఊహకు ఖర్చు పెట్టువాడు బండి యజమానుడు. లోపమును అది జరుగుచున్నపుడే పట్టవలెననుట ఇందుకే.

ఇప్పటి పెట్రోలు, పాత రబ్బరు

పెట్రోలులో ఇథనాలు కలుపుట కొన్ని సంవత్సరముల నుండి సాగుచున్నది. నూటికి ఇరువదివంతుల ఇథనాలు గల ఇ20 పెట్రోలు అమ్మకము మన దేశమున 2023 ఫిబ్రవరిలో ఆరంభమైనది. 2025 నాటికి ఆ మోతాదు దేశమంతట సాధింపబడినది. ఈ ఇథనాలు చెరకునుండియు, నూకల బియ్యమునుండియు, మొక్కజొన్ననుండియు తయారగుచున్నది గనుక రైతునకు ఇందు లాభము లేకపోలేదు. అయినను పాత కారు గల రైతు మూడు సంగతులు తెలిసికొనియుండవలెను.

మొదటిది: పూర్వపు రబ్బరు గొట్టములు, పంపు పొరలు, కార్బురేటరు వాషర్లు ఇథనాలును ఉద్దేశించి చేసినవి కావు. అవి ఉబ్బుట, మెత్తబడుట, పగులుట సంభవించును. కాబట్టి పాత బండిలో వీనిని ఇథనాలుకు తట్టుకొను రకముతో మార్పించుట మంచిది; వీని ఖరీదు ఇంజను పని ఖరీదుతో పోల్చిన అత్యల్పము. పెట్రోలు కారుట నిప్పు ప్రమాదమునకు మూలము గనుక ఇది ఆలస్యము చేయదగిన పని కాదు.

రెండవది: ఇథనాలు నీటిని పీల్చుకొనును. నెలల తరబడి కదలక పాకలో నిలిచియున్న బండి ట్యాంకులో నీరు చేరి అడుగున వేరుపడవచ్చును. అనుమానమున్నచో ట్యాంకు అడుగునుండి కొంత తీసి గాజుసీసాలో పోసి కొంతసేపు కదల్పక ఉంచవలెను. అడుగున వేరొక పొర కనబడినచో ఆ పెట్రోలు పనికిరాదు. ట్యాంకులో ఏండ్ల తరబడి పేరుకొన్న మడ్డిని కూడ ఇథనాలు కరగించి తెచ్చి ఫిల్టరులో నింపును. కావున ఫిల్టరును త్వరత్వరగా మార్చవలెను.

మూడవది: ఒక లీటరు ఇథనాలులో నుండు శక్తి లీటరు పెట్రోలులోని శక్తికంటె సుమారు మూడవవంతు తక్కువ. అందుచే మైలేజి కొంత తగ్గుట సహజము. ఆ కొంచెము తగ్గుదలను చూచి “ఇంజను అరిగినది” అను నిర్ణయమునకు రారాదు.

డీసెలు బండి సంగతి

డీసెలు ఇంజను చమురు పూర్తిగా అయిపోయి నిలిచినపుడును, ఫిల్టరు మార్చినపుడును గొట్టములలో గాలి చొరబడును. అప్పుడు ఎంత చమురు పోసినను ఇంజను లేవదు. బావుల వద్ద ఆయిలింజను నడిపిన పెద్దలకు ఇది క్రొత్తసంగతి కాదు. ఫిల్టరుపై నున్న గాలి విడుచు మరను వదులుచేసి, చేతిపంపును కొట్టుచు, బుడగలు పోయి చమురు మాత్రమే వచ్చువరకు విడిచి, మర బిగింపవలెను. తరచుగా గాలి పట్టుచున్నచో ఏదో గొట్టపు బిగింపు వద్ద సందున్నదని గ్రహింపవలెను.

చలికాలపు ఉదయమున మాత్రమే లేవక, ఒకమారు లేచిన తరువాత బాగుగా నడుచు డీసెలు బండికి వేడి ప్లగ్గులు పనిచేయుచున్నవో లేదో చూడవలెను. చల్లగా నున్నపుడును, వేడెక్కిన తరువాతను ఒకే తీరున మొరాయించుచున్నచో ఇంజెక్టర్లను, ఒత్తిడిని పరీక్షింపవలెను.

వేడి, నూనె, పొగ, చప్పుడు

ఇంజను వేడెక్కి ముల్లు ఎర్రగీతను చేరినచో వెంటనే ఆపవలెను. రేడియేటరు మూతను వేడిమీద విప్పరాదు. లోపలి నీరు ఒత్తిడితో ఎగజిమ్మి ముఖమును కాల్చును. పూర్తిగా చల్లారిన తరువాత నీరు తగ్గినదా, ఫ్యాను బెల్టు తెగినదా, గొట్టము చిరిగినదా యని చూడవలెను. మన బోరునీటిలో ఖనిజపు ఉప్పులు హెచ్చు. కాగు అడుగున పొలుసు కట్టినట్లే రేడియేటరు సన్నగొట్టములలోను కట్టి వానిని మూసివేయును. కనుక బోరునీరు పోయక, శుద్ధినీటిలో కూలెంటు కలిపి పోయుట శ్రేయస్కరము. ఎంత పోసినను నీరు తగ్గుచు, బయట ఎక్కడను కారకుండ, ఇంజను నడుచుచుండగా రేడియేటరు నీటిలో ఎడతెగక బుడగలు వచ్చుచున్నచో హెడ్డు గాస్కెటు కాలినదని సందేహింపవలెను. ఇంజను ఆయిలు మజ్జిగవలె తెల్లబడినచో ఆ సందేహము బలపడును.

పొగ రంగు గూడ సాక్ష్యమిచ్చును. నీలిపొగ ఇంజను ఆయిలు కాలుటకును, నల్లపొగ చమురు ఎక్కువగుటకు లేక గాలి తగ్గుటకును గుర్తు. బాగుగా వేడెక్కిన పెట్రోలు ఇంజనునుండి దట్టమైన తెల్లని ఆవిరి ఆగక వచ్చుచున్నచో నీరు సైలెండరులోనికి పోవుచున్నది. తెల్లవారుజామున మొదటి రెండుమూడు నిమిషములు వచ్చు పలుచని ఆవిరికి మాత్రము భయపడనక్కరలేదు.

ఆయిలు ఎర్రదీపము నడుచుచుండగా వెలిగినచో ఒక్క ఫర్లాంగు కూడ పోరాదు. ఇంజను ఆపి, కడ్డీతో ఆయిలు మట్టము చూడవలెను. ఆయిలు లేని ఇంజను నిమిషములలో బేరింగులను కాల్చుకొనును. అంతవరకు చిన్నదిగా నున్న లోపము అప్పుడు నిజముగానే పెద్ద ఖర్చుగా మారును. టకటకమను సన్నని చప్పుడు సాధారణముగా వాల్వుల ఎడము పెరుగుటచే కలుగును. దానిని సరిచేయుట స్వల్పమైన పని. రేసు పెంచినపుడు అడుగునుండి బరువుగా ధనధనమను చప్పుడు వచ్చుచు, దానితోపాటు ఆయిలు ఒత్తిడియు తగ్గినచో బేరింగులు అరిగినవని భావింపవలెను. ఆ బండిని నడుపక లాగించుకొనిపోవుట మేలు.

మరియొక హెచ్చరిక. మూసిన పాకలో ఇంజను నడిపి పరీక్షింపరాదు. పొగలోని కార్బను మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు; మనుష్యుని తెలియకుండగనే చంపును. తిరుగుచున్న ఫ్యాను దగ్గర తుండుగుడ్డ, చొక్కాచేయి వ్రేలాడరాదు.

తుదితీర్పు: ఒత్తిడి పరీక్ష

రవ్వయు, పెట్రోలును, గాలియు సరిగా నుండియు బండికి శక్తి లేకున్నచో, నీలిపొగ విడుచుచున్నచో, ఒత్తిడి పరీక్ష చేయింపవలెను. ఇంజనును వేడిచేసి, ప్లగ్గులన్నియు తీసి, కాయిలు తీగె విప్పి, యాక్సిలేటరు పూర్తిగా నొక్కిపెట్టి, ఒక్కొక్క రంధ్రమున ఒత్తిడి గేజి బిగించి, అయిదారు చుట్లు సెల్ఫు కొట్టవలెను. ఒక్కొక్క సైలెండరు అంకెను కాగితముపై వ్రాసికొనవలెను. సరియైన అంకె ఆయా బండికి వేరువేరుగా నుండును. అన్ని సైలెండర్లు దాదాపు సమముగా నున్నవా యనునది అంతకంటె ముఖ్యము.

నాలుగు సైలెండర్లలో 130, 128, 60, 132 పౌనులు వచ్చినవనుకొందము. మూడవది చెడినదని స్పష్టము. అప్పుడు ఆ రంధ్రములో ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి మరల కొలువవలెను. అంకె బాగుగా పెరిగినచో రింగులుగాని సైలెండరు గోడగాని అరిగినవి. ఆయిలు ఆ సందును తాత్కాలికముగా మూసినది. పెరుగకున్నచో వాల్వు సరిగా మూసికొనుట లేదు, లేదా గాస్కెటు పోయినది. ప్రక్కప్రక్కనున్న రెండు సైలెండర్లు కలిసి తగ్గినచో వాని నడుమ గాస్కెటు కాలినదని ఊహింపవచ్చును. వాల్వు పనికి, గాస్కెటు పనికి హెడ్డు తీసిన చాలును. ఇంజనంతయు దింపి బోరు చేయింపనక్కరలేదు. గోటితో పోవుదానికి గొడ్డలి యేల?

డీసెలు ఇంజను ఒత్తిడి పెట్రోలు ఇంజనుకంటె చాల హెచ్చు. దానికి వేరుగేజి కలదు; పెట్రోలు గేజిని దానికి వాడరాదు.

మేస్త్రీతో వ్యవహారము

మేస్త్రీలను నిందించుట మా ఉద్దేశము కాదు. మన పల్లెలలో బండ్లను నడిపించుచున్నది వారి చేతి నేర్పే. అనుభవము గల మేస్త్రీ పైని పరీక్షలనే చేయును. రైతు ఓపిక పట్టక తొందరపెట్టినపుడే ఊహకు పోవలసివచ్చును. “త్వరగా చేయుము” అనుటకు బదులు “ఏ పరీక్ష చేసితివి? ఏమి కనబడినది?” అని మర్యాదగా అడిగిన మంచి మేస్త్రీకి సంతోషమే కలుగును. ఒకేసారి పది సామానులు మార్పింపక, ఒకటి మార్చి ఫలితము చూచి, పిమ్మట రెండవదానికి పోవలెను. పదియు ఒక్కసారి మార్చినచో ఏది రోగమో ఎన్నటికిని తెలియదు. తీసిన పాతసామానును అడిగి తీసికొని చూడవలెను.

ప్రతి బండికిని ఒక చిన్న నోటుపుస్తకము ఉంచుకొనవలెను. ఆయిలు మార్చిన తేదీ, కిలోమీటర్లు, మార్చిన సామాను, ఒత్తిడి అంకెలు అందు వ్రాయవలెను. ఆ పుస్తకము మరియొక మేస్త్రీకి చూపినపుడు గంటపని నిమిషములలో తేలును.

సహకారసంఘము చేయదగిన పని ఒకటి ఇందు కలదు. ఒత్తిడి గేజి, వోల్టుమీటరు, బ్యాటరీ ద్రవమును కొలుచు హైడ్రోమీటరు, ఎడము కొలుచు రేకులు ప్రతి రైతు కొనుట వ్యర్థము. ఏడాదికి రెండుమారులకంటె అవసరము రాదు. సంఘమునకు ఒక్క జత యున్నచో సభ్యులందరికి చాలును. స్ప్రేయరును, తార్పాలినును వంతులవారిగా వాడుకొను ఊరికి ఇది క్రొత్త పద్ధతి కాదు. వోల్టుమీటరు ట్రాక్టరు బ్యాటరీకిని పనికివచ్చును. నెలకొకమారు ఆదివారమున ఒక అనుభవశాలియైన మేస్త్రీని సంఘము వద్దకు పిలిపించి యువకులకు ఈ పరీక్షలు చూపించినచో ఊరిలోనే నలుగురు తెలిసినవారు తయారగుదురు.

ఈ పరీక్షలన్నియు చేసిన తరువాత ఇంజను నిజముగా అరిగినదని తేలవచ్చును. అప్పుడు సంతోషముతో కాకున్నను నిశ్చయముతో ఖర్చు చేయవచ్చును. లేదా బండి విలువకంటె రిపేరు ఖర్చు మించుచున్నదని తెలిసి దానిని అమ్మివేయవచ్చును. రెండును వివేకముతో చేసిన పనులే. అప్పు తెచ్చి, గుడ్డిగా ఇంజను విప్పించి, కడకు ఒక తీగె లోపమని తెలిసికొనుట మాత్రము రైతు భరింపదగిన నష్టము కాదు. కావున సభ్యులు బండి నిలిచిన రోజున తొందరపడక, ముందు ప్రశ్నలు, పిమ్మట రవ్వ, పిమ్మట పెట్రోలు, గాలి, పిమ్మట ఒత్తిడి, అన్నిటికిని కడపట పానా యను ఈ వరుసను పాటింతురుగాక. వానకాలము రాకముందే ఒక ఉదయమున బానెట్టు ఎత్తి బ్యాటరీ కొనలు, బెల్టు, రబ్బరు గొట్టములు, ఆయిలు మట్టము చూచుకొనుట అన్నిటికంటె మేలు. నారు పోయుటకు ముందు మడి గట్లు చూచుకొను రైతునకు ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు.